తుప్పు వదిలిన తరువాతి అరగంట

(రాజోలులో ద్విచక్ర వాహన మెకానిక్‌ల కోసం జరిగిన శిక్షణ తరగతిలో ఒక సీనియర్ మేస్త్రి చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మధ్యలో వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటిని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మాటల కంటే ముందు ఈ వస్తువు చూడండి. ఇది పాత రాజ్‌దూత్ మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు. తుక్కు బండి మీద పోతుంటే ఆపి, కిలో లెక్కన కొని తెచ్చుకున్నాను. నిలువునా రెండు చెక్కలుగా కోశాను. గ్రైండరుతో కోయలేదు, హ్యాక్సా బ్లేడుతో చేత్తో కోశాను. రెండు రోజులు పట్టింది. గ్రైండరు ఎందుకు ముట్టలేదో కాసేపట్లో చెబుతాను.

వెనక వరుస వాళ్లకు కనిపించదు కాబట్టి నేనే చెబుతాను. మధ్య భాగం చూస్తే ఇనుము ఇంకా బూడిద రంగులో శుభ్రంగా ఉంది. అడుగున, పెట్రోలు కాక్ (కుళాయి) బిగించే చోటుకు పక్కనున్న పల్లంలో, రూపాయి బిళ్లంత మేర గుంటలు గుంటలుగా తినేసింది. అసలు తుప్పంతా కప్పు మీద ఉంది. సీటు మీద కూర్చున్నప్పుడు మన కళ్ల ముందుండే పై రేకుకు, లోపలి వైపున. గోటితో గీకితే పొరలుగా రాలుతుంది.

ఎందుకలా? నలభై ఏళ్లుగా ట్యాంకులు విప్పుతున్నాను. మొదటి పదేళ్లు నాకూ ఇది తట్టలేదు. పెట్రోలులో మునిగి ఉన్న ఇనుముకు గాలి, తడి పెద్దగా తగలవు. ఖాళీగా ఉన్న భాగానికి రెండూ తగులుతాయి. ట్యాంకు మూతకు సన్నటి గాలి రంధ్రం ఉంటుంది కదా, పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి దాని గుండా బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. అంటే ట్యాంకు రోజుకొకసారి ఊపిరి తీస్తుంది. అది పీల్చే గాలి ఎలాంటిది? మన కోనసీమ గాలి. శ్రావణ మాసంలో దండెం మీద వేసిన దుప్పటి రెండు రోజులైనా ఆరని గాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు అయితే దానిలో ఉప్పు కూడా కలిసి ఉంటుంది. తెల్లవారుజామున ఆ తేమ చల్లటి రేకుకు చెమటలా పట్టి, బొట్టుబొట్టుగా కిందికి జారుతుంది. లీటరు పెట్రోలు సుమారు ముప్పావు కిలోనే తూగుతుంది, నీళ్లు కిలో తూగుతాయి. అందుకే నీటి చుక్క పెట్రోలును చీల్చుకుని అడుగుకు చేరి, ఆ పల్లంలో కాపురం పెడుతుంది. కప్పు మీద తుప్పు, అడుగున గుంటలు. ఈ ట్యాంకు చరిత్ర ఇంతే.

మన ఊళ్లలో వంద రూపాయలకు పెట్రోలు కొట్టించుకునే అలవాటు ఉంది. తప్పు పట్టడం లేదు, జేబును బట్టే అలవాటు. కానీ పన్నెండు లీటర్ల ట్యాంకులో లీటరు పెట్రోలుంటే పదకొండు లీటర్ల తడిగాలిని మోసుకుంటూ తిరుగుతున్నట్టు. పైగా ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ అనే స్పిరిటు ఉంటోంది, 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటితే నీళ్లతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున మడుగు కడుతుంది. నెలల తరబడి కదలని బండి అయితే ఆ మడుగు అక్కడే ఉండిపోతుంది.

ఇక వరద బండ్లు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు ఎలా మునిగాయో మీకు చెప్పక్కర్లేదు. బండ్లను ఏటిగట్టు మీదికి ఎక్కించగలిగిన వాళ్లు ఎక్కించారు, మిగతావి మునిగిపోయాయి. ఆ తరువాత మూడు నెలలు మా షెడ్డులో అవే. ఆ ట్యాంకుల్లో నీళ్లతో పాటు ఒండ్రు కూడా ఉంటుంది. వెన్నలాంటి మెత్తటి బురద, రేకుకు పట్టుకుని తడిని వదలదు. దాని మీద ఏ మందు పోసినా రేకు దాకా చేరదు. కాబట్టి వరద బండి అయితే ముందు ఒండ్రు మొత్తం పోయేదాకా నీళ్లతో కడగాలి, తరువాతే తుప్పు సంగతి.

లక్షణాల గురించి మీకు ఎక్కువ చెప్పనవసరం లేదు. నాలుగు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది, పది నిమిషాలు నిలబెడితే మళ్లీ స్టార్టవుతుంది. ఫిల్టరులో ఎర్రటి పొడి కనిపిస్తుంది. కార్బురేటరు శుభ్రం చేసి పంపితే వారానికి మళ్లీ వస్తుంది. రెండోసారి వచ్చిన బండికి కార్బురేటరు విప్పడం అనవసరం, ట్యాంకులోకి టార్చి వేయండి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణం వచ్చాక చాలా బండ్లలో కార్బురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది, పంపు ట్యాంకు లోపలే కూర్చుంటుంది. అందులో తుప్పు చేరితే అయ్యే ఖర్చు కార్బురేటరు శుభ్రం చేసినంత తక్కువలో తేలదు.

ఇప్పుడు గ్రైండరు మాట.

పాలకొల్లులో నేను పని నేర్చుకున్న షెడ్డులో, నాకు పదహారో పదిహేడో ఏడు. నెల రోజులుగా ఖాళీగా పడి ఉన్న ట్యాంకుకు అడుగున కారుతున్న చోట ఇత్తడి వెల్డింగ్ పెట్టబోయారు మా గురువుగారు. మూత తీసి వాసన చూశారు, ఏమీ లేదన్నారు. మంట తగిలించిన మరుక్షణం కుండ పగిలిన చప్పుడు. అతుకు విచ్చుకుని ట్యాంకు బంతిలా ఉబ్బింది. ఆయన కనుబొమలు కాలిపోయాయి, ప్రాణం మిగిలింది. వారం రోజులు షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది, గ్రైండరు చిమ్మేది నిప్పురవ్వలే. అంతకు మించి చిక్కగా ఉంటే అంటుకోదు, పలచబడితే అంటుకోదు. ఎండిపోయిందనుకున్న ట్యాంకులోనే ఆ మధ్య పాళ్లు సరిగ్గా కుదురుతాయి. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, అడుగునే పడుకుంటుంది. మూత దగ్గర ముక్కు పెడితే ఏం తెలుస్తుంది? అతుకుల సందుల్లో, పాత జిగురు కింద పెట్రోలు ఇంకి ఉంటుంది, వేడి తగలగానే ఆవిరై బయటికి వస్తుంది. కాబట్టి ఏ పని మొదలుపెట్టినా ముందు పెట్రోలు వంచేసి, ఆరుబయట, గిన్నెలు తోమే ద్రవం కలిపిన వేడినీళ్లతో మూడుసార్లు కడగాలి. దగ్గరలో బీడీ, టీ పొయ్యి ఉండకూడదు.

(సభలో ఒకరు: మేస్త్రి గారూ, సైలెన్సరు పొగ లోపలికి పెట్టి వెల్డింగ్ చేస్తారు కదా?)

చేస్తారు, పొగ లోపలి గాలిని తోసేస్తుందని. నేను చేయను. ఆ పొగలో ఎంత గాలి మిగిలి ఉందో, కాలని పెట్రోలు ఎంత ఉందో కంటికి కనిపించదు. నేనైతే వెల్డింగ్ పడే చోటు పైకి వచ్చేలా ట్యాంకును తిప్పి, ఆ చోటుకు వేలెడు కింది దాకా నీళ్లు నింపుతాను. ఆవిరి నిలవడానికి చోటే ఉండదు. నీళ్లు వేడిని లాగేస్తాయి, పని నిదానంగా సాగుతుంది, సాగనివ్వండి.

సరే, కడగడం. కాక్, మూత, పెట్రోలు మట్టం చూపే ఫ్లోటు, ఇంజెక్షన్ బండి అయితే పంపు, అన్నీ విప్పాలి. కింది రంధ్రాలకు పాత ట్యూబు ముక్క, వాషరు, బోల్టు వేసి మూయండి. బయటి రంగు ఉంచుకోవాలంటే మూతి చుట్టూ గ్రీజు రాసి, ట్యాంకుకు పాలిథిన్ చుట్టండి. ఇది మరిచిపోయి స్టిక్కర్లు పాడుచేసి, మళ్లీ నా డబ్బుతో పెయింటరు దగ్గరికి పంపిన రోజులున్నాయి.

పొరలుగా పట్టిన తుప్పును ముందు రాల్చాలి. కొందరు బేబీ చిప్స్ (సన్న కంకర) పోస్తారు, కొందరు నట్లు పోస్తారు. నా ఓటు పాత సైకిలు గొలుసుకు. రెండు ముక్కలు లోపలికి వదిలి, కొంచెం నీళ్లు, సబ్బు పోసి ఊపండి. గొలుసు మూలల్లోకి పాకుతుంది, పని అయ్యాక కొస పట్టుకుని లాగితే మొత్తం వస్తుంది. నట్లు పోసేవాళ్లు లెక్కపెట్టి పోయండి, లెక్కపెట్టి తీయండి. ఇరవై నాలుగు పోసి ఇరవై మూడు తీసినవాడికి ఆ ఇరవై నాలుగోది తరువాత ప్రతి గతుకులోనూ వినిపిస్తుంది. (నవ్వులు)

ఇప్పుడు మందు. మన వంటింట్లో ఇత్తడి చెంబు తోమడానికి చింతపండు ఎందుకు వాడతారు? పులుపు చిలుము వదిలిస్తుంది. తుప్పుకూ అదే సూత్రం. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) తెచ్చి, లీటరు వేడినీళ్లకు 80 నుంచి 100 గ్రాములు కలపండి. ట్యాంకు అంచు దాకా నింపాలి, సగం పోస్తే కప్పు మీద తుప్పు అలాగే ఉంటుంది. మూత గట్టిగా బిగించకండి, లోపల వాయువు పుడుతుంది, దానికి దారి ఉండాలి. అది మండే వాయువు, దీపం దూరంగా ఉంచండి. ఒక రాత్రి, మరీ మొండి తుప్పయితే ఒక పగలు, ఒక రాత్రి. నీరు ముందు పసుపు పచ్చగా, తరువాత ముదురు ఆకుపచ్చగా మారుతుంది. మధ్యలో రెండు మూడుసార్లు టార్చి వేసి చూడండి. బూడిద రంగు ఇనుము కనిపించగానే వంచేయాలి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ శుభ్రం అనుకుంటే పొరపాటు, తుప్పు అయిపోయాక అది రేకును తింటుంది. లోపల జింకు పూత ఉన్న ట్యాంకు అయితే ఆ పూతనూ కరిగిస్తుంది, కాబట్టి అక్కడక్కడా తుప్పున్నంత మాత్రాన నిండా పోయకండి.

బాత్రూము యాసిడ్ సంగతి అడుగుతారని తెలుసు. అది అరగంటలో తుప్పు తీస్తుంది. ఎలా తెలుసంటే, సొంతంగా షెడ్డు పెట్టిన కొత్తలో ఒక బుల్లెట్ ట్యాంకులో పోసి, అరగంట అనుకుని, పెళ్లి భోజనానికి పోయి, రాత్రి అక్కడే ఉండిపోయాను. పొద్దున వచ్చేసరికి షెడ్డు నేల తడిసి ఉంది. ట్యాంకు ఎత్తి సూర్యుడికి ఎదురుగా పెట్టి మూతి లోంచి చూస్తే చుక్కలు కనిపించాయి. పట్టపగలు చుక్కలు. ఆ యాసిడ్‌తో ఇంకో గొడవ, దాని ఉప్పు అంశం రేకు గుంటల్లో మిగిలిపోతుంది, ఎంత కడిగినా రెండో రోజుకే మళ్లీ తుప్పు. ఫాస్ఫారిక్ యాసిడ్ దొరికితే దానిని పలచగా వాడుకోవచ్చు. అది ఇనుము మీద పలుచటి ఫాస్ఫేటు పొర మిగిల్చి పోతుంది, కొంతకాలం కాపు కాస్తుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

బ్యాటరీ చార్జరుతో కూడా తుప్పు తీస్తారు. చాకలి సోడా కలిపిన నీళ్లు నింపి, ట్యాంకుకు నెగటివ్, మధ్యలో వేలాడే ఇనుప కడ్డీకి పాజిటివ్ ఇస్తారు. తీగలు తారుమారైతే ట్యాంకే కరిగిపోతుంది. కడ్డీ రేకుకు తగలకూడదు, స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ అసలు వాడకూడదు, విషపు క్రోమియం పుడుతుంది. బుడగలన్నీ హైడ్రోజన్, ఆరుబయటే చేయాలి. నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది, రేకును తినదు. కానీ కడ్డీకి ఎదురుగా ఉన్న చోటే బాగా పనిచేస్తుంది, మూలలకు ఓపిక కావాలి. రోజుకు నాలుగు బండ్లు చూసే షెడ్డుకు కుదరదు.

నేను ఇక్కడికి వచ్చింది ఈ తరువాతి మాట చెప్పడానికి.

ఒకసారి ఆషాఢంలో, ముసురు. యమహా ఆర్ఎక్స్ 100 ట్యాంకు, నిమ్మ ఉప్పుతో వెండి గిన్నెలా తేలింది. కస్టమరుకు ఫోను చేసి వచ్చి చూసుకోమన్నాను. మంచినీళ్లతో కడిగి, మూత తీసి బల్ల మీద బోర్లించి భోజనానికి వెళ్లాను. ఆయన, నేను ఒకేసారి వచ్చాం. టార్చి వేసి చూపిస్తే లోపల మొత్తం నారింజ రంగు, కుంకుమ చల్లినట్టు. "మేస్త్రీ, ఇదేనా వెండి?" అన్నాడాయన. యాసిడ్‌తో శుభ్రపడిన ఇనుముకు ఏ పొరా ఉండదు, ఒంటి మీద గుడ్డ లేని పసిబిడ్డ లాంటిది. మన తడిగాలిలో అరగంట చాలు. తుప్పు తీయడం ఎవరైనా చేస్తారు, ఒక రాత్రి నిమ్మ ఉప్పు చేస్తుంది. ఆ అరగంటలోనే మేస్త్రి చేయి కనబడాలి.

అందుకని మందు వంచకముందే అన్నీ సిద్ధంగా పెట్టుకోండి. ఒక గుండిగ నిండా నీళ్లు పొయ్యి మీద మరుగుతూ ఉండాలి, పొయ్యి ట్యాంకుకు దూరంగా. మందు వంచగానే వంట సోడా కలిపిన నీళ్లు పోసి ఊపాలి. మిగిలిన పులుపు బుసబుస పొంగి చచ్చిపోతుంది. వెంటనే మంచినీళ్లు రెండుసార్లు. చివరగా ఆ మరిగే నీళ్లు నింపి, రెండు నిమిషాలు ఉంచి, ఒక్కసారిగా వంచేయాలి. ఇక్కడ కిటుకు ఏమిటంటే, ఆ వేడి రేకుకు ఎక్కుతుంది. గోనె గుడ్డ లేకుండా పట్టుకోలేరు. రేకు తనంతట తానే తడిని ఎగరగొట్టుకుంటుంది. కింద కాక్ రంధ్రం తెరిచి, పై మూతిలో జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు పెట్టి వేడిగాలి కొట్టండి. రెండు మూడు నిమిషాలకొకసారి ట్యాంకును తిప్పండి, మూలలో ఒక చెంచాడు నీళ్లు దాక్కుని ఉంటాయి.

కంప్రెసరు ఉంది కదా అని దాని గొట్టం పెడతారు కొందరు. కంప్రెసరు సిలిండరు అడుగున మర తిప్పి చూడండి, గ్లాసుడు నీళ్లు కారతాయి. ఆ తడినే ట్యాంకులోకి కొడుతున్నారు. వాడాలంటే ముందు ఆ నీళ్లు వదిలేయండి. ఇంకొందరు స్పిరిటుతో కానీ అసిటోన్‌తో కానీ పుక్కిలిస్తారు. మంచి పద్ధతే, నీటిని లాగేస్తుంది. కానీ స్పిరిటు పోసిన ట్యాంకుకు డ్రయ్యరు పెట్టకండి, దానిలో ఎర్రగా కాలే తీగ ఉంటుంది. వేడినీళ్ల దారి వేరు, స్పిరిటు దారి వేరు, రెండింటినీ కలిపితే మా గురువుగారి కనుబొమల కథే.

ఆరిన ట్యాంకు చల్లబడగానే అర లీటరు పెట్రోలులో ఒక గ్లాసు టూ-స్ట్రోక్ ఆయిలు కలిపి పోసి, అన్ని వైపులా దొర్లించి వంచేయండి. ఆ నూనె పొర చాలు. అదే రోజు బిగించి ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించండి.

(ప్రశ్న: మరి లోపల కోటింగ్ వేయవద్దా?)

పది ట్యాంకుల్లో ఎనిమిదింటికి అక్కర్లేదు. కోటింగ్ వేయాల్సింది సూది బెజ్జాలు పడ్డ ట్యాంకుకు, కొత్త ట్యాంకు దొరకని పాత మోడలుకు. బెజ్జం ఎక్కడుందో తెలియాలంటే బయట సుద్ద పొడి నీళ్లలో కలిపి పూసి ఆరనిచ్చి, లోపల కొంచెం కిరోసిన్ పోయండి, కారే చోట సుద్ద నల్లబడుతుంది. దారిలో కారితే ఇల్లు చేరడానికి బట్టల సబ్బు ముక్క రుద్దితే చాలు, సబ్బు పెట్రోలుకు కరగదు. అది ఇల్లు చేరడానికే, ఆరు నెలలు సబ్బు మీద తిరిగిన మహానుభావులున్నారు.

కోటింగ్ అంటే రెండు డబ్బాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురు. ఇథనాల్‌కు తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. తట్టుకోని పాత రకాలు ఉల్లిపొరలా లేచి కాక్‌లో ఇరుక్కుంటాయి, ఇంజెక్షన్ బండిలో అయితే పంపు జల్లెడకు అడ్డం పడతాయి. దీనికి ముందు నూనె పుక్కిలింత చేయకూడదు, చుక్క నూనె ఉన్నా పట్టదు, చెమ్మ ఉన్నా పట్టదు. ముసురు రోజుల్లో ఎపాక్సీ పైన తెల్లగా జిడ్డు కడుతుంది. రోహిణి కార్తెలో కలిపిన డబ్బా చేతిలోనే గట్టిపడుతుంది. మన ప్రాంతంలో ఈ పనికి సంక్రాంతి తరువాతి నుంచి ఉగాది దాకా మంచి కాలం. పోశాక ట్యాంకును ఆరు వైపులకూ నిదానంగా తిప్పాలి, తప్పకుండా కప్పు వైపు కూడా. మిగిలినదంతా వంచేయాలి. అడుగున మడుగులా నిలిచిన కోటింగ్ లోపల ఆరదు. మర ఉన్న చోట్ల గ్రీజు రాసిన బోల్టు బిగించి ఉంచండి. కొన్ని ట్యాంకుల్లో మూతి నుంచి కిందికి సన్నటి గొట్టం ఉంటుంది, వాన నీరు పోవడానికి. అది పూడితే మూతి దగ్గర చేరిన వాన నీళ్లు బయటికి పోలేక ట్యాంకులోకే దిగుతాయి. డబ్బా మీద ఎన్ని రోజులు ఆరనివ్వమంటే అన్ని రోజులు. కస్టమరు తొందరపెడితే బండి ఇవ్వండి, ట్యాంకు ఇవ్వకండి.

ఒక్క మాట మురికినీళ్ల గురించి. షెడ్లన్నీ కాలవ గట్టునే ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఆ కాలవల నీళ్లే మనం పొలానికి పెడుతున్నాం, మంచినీళ్ల చెరువులకు నింపుతున్నాం. పెట్రోలు కడిగిన మొదటి నీళ్లు, అడుగు మడ్డి గట్టి మూత ఉన్న డబ్బాలోకి. నిమ్మ ఉప్పు నీళ్లలో వంట సోడా వేసి పొంగు ఆగిపోయాక, అదీ కాలవకు దూరంగా.

నాకిచ్చిన సమయం దాటినట్టుంది. ఈ కోసిన ట్యాంకు సాయంత్రం దాకా బల్ల మీదే ఉంటుంది, వచ్చి చూసుకోండి. అంచులు పదునుగా ఉన్నాయి, చేయి లోపల పెట్టేవాళ్లు గుడ్డ చుట్టుకోండి.